ఆల్బమ్ కవర్ మీద కనిపించేది వినేవాళ్ళే

మీరు అడిగినవి రెండు సంగతులు. మెటల్ అంటే నలుపూ పుర్రెలూ, జాజ్ అంటే నీలం రంగూ సిగరెట్ పొగా, క్లాసికల్ అంటే కళ్ళు మూసుకున్న ఆర్కెస్ట్రా కండక్టర్, హిప్‌హాప్ అంటే బంగారు గొలుసులు. ఈ బొమ్మలన్నీ సంగీతంలోంచే పుట్టాయా, అమ్మేవాళ్ళు అంటగట్టారా అన్నది మొదటిది. మీ బ్యాండు త్వరలో తొలి ఈపీ (కొద్ది పాటల చిన్న ఆల్బమ్) విడుదల చేయబోతోంది. గిటార్లు బరువుగా ఉన్నా, సగం పాటలు నెమ్మదిగా, గొంతు చించుకోకుండా సాగుతాయన్నారు. అలాంటప్పుడు మెటల్ కవర్ల పద్ధతి పాటించాలా వద్దా అన్నది రెండోది. ఆల్బమ్ కవర్లు, కచేరీ పోస్టర్లు చేయడమే చాలా ఏళ్ళుగా నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

ముందు నా అభిప్రాయం. శబ్దాన్ని బొమ్మలో పెట్టడం ఎవరి వల్లా కాదు. కవర్ చూపించేది ఆ సంగీతం ఎవరి కోసమో, దాన్ని వినేవాళ్ళు తమను తాము ఎలా ఊహించుకోవాలనుకుంటారో. జానర్ (సంగీత రకం) ఇమేజ్ అని మనం అనుకునేది చాలావరకు శ్రోత ఇమేజే. అది ఎక్కడ మొదలవుతుందో గమనిస్తే తమాషాగా ఉంటుంది. ఒకచోట అచ్చు ఖర్చు తగ్గించుకోవడంలో, ఒకచోట ఆ సంగీతం చుట్టూ తిరిగే కుర్రాళ్ళ వేషభాషల్లో, ఒకచోట కంపెనీ ఆఫీసులో ఎవరో తీసుకున్న నిర్ణయంలో. ఎక్కడ మొదలైనా దాన్ని గట్టిపరిచేది మాత్రం ప్రకటనే. పదేపదే చూపించి, ఇక వేరేలా ఉండదు అనిపించేలా చేస్తుంది.

అసలు కవర్ కంటే ప్రకటన పెద్దది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో డిస్కులు బొమ్మ లేని కాగితం తొడుగుల్లో వచ్చేవి. మధ్యలో గుండ్రటి కన్నం ఉండి, అందులోంచి లేబుల్ కనబడేది. కంపెనీకి తన మాట చెప్పుకోవడానికి ఉన్న చోటు ఆ లేబులూ, పత్రికలో కొనుక్కున్న జాగా, అంతే. అమెరికాలో విక్టర్ కంపెనీ 1903 నుంచి ఒపేరా గాయకుల డిస్కులకు ఎర్ర లేబుల్ వేసి, 'రెడ్ సీల్' అని పేరు పెట్టి, మామూలు డిస్కుల కంటే బాగా ఎక్కువ ధరకు అమ్మింది. 1908లో ప్రసిద్ధ ఒపేరా గాయకుడు కరూసో మరో ఐదుగురితో కలిసి పాడిన 'లూచియా' ఒపేరా ఘట్టం ఒక్క వైపు మాత్రమే పాట ఉన్న డిస్కు. దాని ధర 7 డాలర్లు. జనం ఎక్కువగా కొన్నవి తేలికపాటి పాటలే. పత్రికల్లో పేజీలకు పేజీలు నిండింది మాత్రం ఒపేరా దుస్తుల్లో ఉన్న గాయకుల బొమ్మలు. గ్రామఫోను కొంటే ఉన్నత అభిరుచి ఇంట్లోకి వస్తుందని ఆ ప్రకటన చెప్పింది. క్లాసికల్ సంగీతం 'పెద్దవాళ్ళది' అన్న భావన అంతకుముందే ఉంది. దాన్ని ఒక రంగుతో, ఒక ధరతో గుర్తుపట్టేలా చేసింది ఈ అమ్మకపు పద్ధతి.

తర్వాతి ఘట్టం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. 1920లో నల్లజాతి గాయని మేమీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' ఓకే కంపెనీ నుంచి వచ్చి విపరీతంగా అమ్ముడైంది. నల్లజాతి శ్రోతలు పెద్ద మార్కెట్ అని కంపెనీలకు అప్పుడు తెలిసింది. వాళ్ళ కోసం 'రేస్ రికార్డ్స్' (రేస్ అంటే జాతి) పేరుతో వేరే కేటలాగులు వేశారు, 'షికాగో డిఫెండర్' లాంటి పత్రికల్లో బొమ్మల ప్రకటనలు ఇచ్చారు. అమెరికా దక్షిణాది తెల్లవాళ్ళ పాటలకు ఇంకో కేటలాగు. నిజానికి ఆ ప్రాంతంలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకరి పాటలు ఒకరు నేర్చుకుని వాయించేవారు. పాటలూ, వాద్యాలూ, బాణీలూ చాలావరకు ఉమ్మడివి. అయినా ఒక వైపు బ్లూస్, ఇంకో వైపు హిల్‌బిల్లీ (తర్వాత కంట్రీ అని పిలిచింది దీన్నే) అని కేటలాగు గీత గీసింది. ఆ గీతకు తగ్గ బొమ్మలు ప్రకటనల వాళ్ళు గీశారు.

హిల్‌బిల్లీ బొమ్మ ఎలా తయారైందో తెలియాలంటే హంఫ్రీ బేట్ సంగతి చూడాలి. ఆయన చదువుకున్న వైద్యుడు. నాష్‌విల్ రేడియోలో వాయించిన ఆయన బృందం పేరులో 'ఆర్కెస్ట్రా' అన్న మాట ఉండేది, మొదటి ఫోటోల్లో అందరూ సూట్లు వేసుకుని ఉంటారు. తర్వాత 'గ్రాండ్ ఓల్ ఓప్రీ'గా పేరుపొందిన ఆ కార్యక్రమాన్ని నడిపిన జార్జ్ హే వాళ్ళకు 'పాసమ్ హంటర్స్' అని పేరు మార్చాడు. ప్రచార ఫోటోలకు పల్లెటూరి బట్టలు తొడిగి, వేటకుక్కను పక్కన పెట్టి, పొలంలో నిలబెట్టారు. వాయించింది అవే పాటలు, వాయించింది అదే డాక్టరు. మారింది చొక్కా. ఆ తర్వాత 1930ల్లో పాటలు పాడే కౌబాయ్‌ల సినిమాలు వచ్చాయి. ఓవరాల్స్ పోయి టోపీ, బూట్లు వచ్చి చేరాయి. ఈ రోజుకీ కంట్రీ ఆల్బమ్ కవర్ మీద టోపీ కనబడితే దాని వెనక పశువులు కాసిన అనుభవం కంటే స్టూడియో ఫోటోగ్రాఫర్ల అనుభవమే ఎక్కువ.

1949లో బిల్‌బోర్డ్ పత్రిక 'రేస్' అన్న మాట తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' పెట్టింది. మాట మారింది గానీ, దుకాణంలో అరలు మాత్రం అలాగే విడివిడిగా ఉండిపోయాయి.

బొమ్మ ఉన్న కవర్ విషయానికొస్తే, అందరూ చెప్పే పేరు అలెక్స్ స్టైన్‌వైస్. 1939లో కొలంబియా రికార్డ్స్‌లో చేరాడు, అప్పటికి ఇరవై రెండేళ్ళ కుర్రాడు. 1940లో రాజర్స్, హార్ట్ అనే జంట కట్టిన పాటల సంకలనానికి ఆయన చేసిన కవర్‌తో ఈ కళ మొదలైందంటారు. ఒక థియేటర్ ముఖద్వారం మీద ఆల్బమ్ పేరే దీపాల అక్షరాల్లో వెలుగుతున్నట్టు ఫోటో తీయించాడు. గమనించండి, తొలి కవరే ఒక ప్రకటన బోర్డు బొమ్మ. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చాక, ముప్ఫై సెంటీమీటర్లకు పైగా ఉన్న ఆ చదరం డిజైనర్ చేతికి వచ్చింది.

ఆ చదరంతో అందరికంటే గొప్పగా పనిచేసింది బ్లూ నోట్ అని నా నమ్మకం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే జానర్ బొమ్మ ఎలా పుడుతుందో ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. న్యూయార్క్‌లో 1939లో మొదలైన చిన్న జాజ్ కంపెనీ అది. దాన్ని నడిపిన ఆల్‌ఫ్రెడ్ లయన్, ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఇద్దరూ జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు. వుల్ఫ్ మంచి ఫోటోగ్రాఫర్. రికార్డింగ్ జరుగుతుంటే స్టూడియోలో తిరుగుతూ ఫ్లాష్‌తో ఫోటోలు తీసేవాడు. ఫ్లాష్ వెలుగు వాద్యకారుడి ముఖం మీద పడుతుంది, వెనక గది అంతా చీకట్లో మునిగిపోతుంది. జాజ్ అంటే రాత్రి, చీకటి, ఏకాగ్రత అని మనకు అనిపించడానికి సగం కారణం ఈ ఫ్లాష్ ఫోటోలే.

1950ల మధ్య నుంచి 1967 దాకా వాటిని కవర్లుగా మలిచింది రీడ్ మైల్స్. చాలా కవర్లకు నలుపు కాక ఇంకో రంగు మాత్రమే వాడాడు. చిన్న కంపెనీ, నాలుగు రంగుల అచ్చు ఖరీదు. ఒక రంగే ఉంటే డిజైనర్‌కు దారులు తక్కువ. ఫోటో మొత్తాన్ని నీలంలో ముంచడం, లేదా తెల్లటి జాగాలో అక్షరాలను పెద్దవి చేసి ఆడించడం. ఆయన రెండూ చేశాడు. జాకీ మెక్‌లీన్ 'ఇట్స్ టైమ్!' కవర్ తీసి చూడండి. కవర్ నిండా ఆశ్చర్యార్థకాలే, వరుసల మీద వరుసలు. వాద్యకారుడి ఫోటో తపాలా బిళ్ళంత, పైన ఒక మూలన. ఫ్రెడ్డీ హబర్డ్ 'హబ్-టోన్స్' మీద నల్లటి నిలువు పట్టీలు వరసగా ఉంటాయి, వాటిలో ఒక్కటి మాత్రం మీట నొక్కినట్టు కిందికి జారి ఉంటుంది. కన్ను దాని దగ్గరే ఆగుతుంది. జాజ్‌లో తాళం తప్పించి మళ్ళీ పట్టుకునే పద్ధతి తెలిసినవాళ్ళకు ఆ పట్టీ చూడగానే అర్థమవుతుంది. ఇంతా చేసి రీడ్ మైల్స్‌కు జాజ్ పెద్దగా ఇష్టం లేదు, ఆయన వినేది క్లాసికల్. ఆ జానర్‌ను ప్రేమించేవాడే దాని బొమ్మ గీయగలడన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఈ ఒక్క మనిషి దాన్ని అబద్ధం చేశాడు.

ఖర్చు భయంతో పుట్టిన ఆ ఒకే రంగు పద్ధతి తర్వాత జాజ్‌కు యూనిఫాం అయింది. 1984లో జో జాక్సన్ అనే పాప్ గాయకుడు తన కొత్త ఆల్బమ్‌లో జాజ్ వాసన ఉందని చెప్పదలచుకుని, సోనీ రోలిన్స్ 1957 బ్లూ నోట్ కవర్‌ను దాదాపు అలాగే మళ్ళీ తీయించాడు. అప్పటికి అచ్చు ఖర్చు సమస్యే కాదు. పరిమితి ఎప్పుడో పోయింది, దాని గుర్తు మిగిలింది.

అదే కాలంలో అమెరికా పడమటి తీరంలో జాజ్ బొమ్మ పూర్తిగా వేరు. ఫోటోగ్రాఫర్ విలియం క్లాక్స్‌టన్ వాద్యకారులను స్టూడియోలోంచి బయటికి తీసుకొచ్చాడు. 1956 నాటి ఒక కవర్ మీద చెట్ బేకర్ తన బృందంతో తెరచాప పడవ మీద ఎండలో ఉంటాడు. న్యూయార్క్ జాజ్ రాత్రిదైతే కాలిఫోర్నియా జాజ్ పగటిది. సంగీతంలో తేడా లేదని అనను, ఉంది. కానీ ఆ తేడాను నలుపు తెలుపుల్లా విడగొట్టింది కవర్లు. ఆ తీరానికే వెళ్ళి 1957లో సోనీ రోలిన్స్ ఒక రికార్డు చేశాడు. న్యూయార్క్‌లో పెరిగిన నల్లజాతి సాక్సోఫోన్ విద్వాంసుడు, కవర్ మీద ఎడారిలో కౌబాయ్ టోపీ, తుపాకీ బెల్టు కట్టుకుని, తుపాకీ బదులు సాక్సోఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఆలోచన ఆయనదే, ఫోటో క్లాక్స్‌టన్‌ది. కంట్రీ సంగీతం తనదిగా చేసుకున్న టోపీని ఇంకో జానర్ వాడు తలకెత్తుకుంటే ఎంత బలం వస్తుందో ఆ ఫోటోలో ఉంది. మీ రెండో ప్రశ్నకు సగం జవాబు కూడా అందులోనే ఉంది.

ప్రకటనలో వాడిన మాట కూడా కవర్ అంత పని చేస్తుందనడానికి ఈసీఎమ్ సాక్ష్యం. 1969లో మ్యూనిక్‌లో మాన్‌ఫ్రెడ్ ఐకర్ మొదలుపెట్టిన లేబుల్, అంటే రికార్డు కంపెనీ, అది. నిశ్శబ్దం తర్వాత అంత అందమైన శబ్దం ఇదేనన్న అర్థం వచ్చేలా ఒక సమీక్షకుడు రాసిన వాక్యాన్ని తమ ప్రకటనల్లో వాడుకున్నారు. కవర్లు కూడా ఆ దారినే సాగాయి. ఖాళీ సముద్రం, పొగమంచు, మనుషుల్లేని దారి, సన్నటి అక్షరాలు. వాద్యకారుడి ముఖం లేకుండా జాజ్ రికార్డు అమ్మవచ్చని నమ్మడం అప్పట్లో సాహసమే.

ఇక మీకు కావలసిన మెటల్ దగ్గరికి వద్దాం. మెటల్‌కు ఆద్యులుగా చెప్పుకునే బ్లాక్ సబత్ బ్యాండు మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం రోజు ఇంగ్లండ్‌లో విడుదలైంది. పాశ్చాత్యులు కీడుగా భావించే ఆ తేదీని కావాలనే ఎంచుకున్నారు. కవర్ మీద పాత నీటిమిల్లు ముందు నల్లటి దుస్తుల్లో ఒక స్త్రీ, వింత రంగుల్లో చెట్లు. ఇంతవరకు సరే. అట్ట విప్పితే లోపల తలకిందుల సిలువ, అందులో ఒక కవిత. అది లేబుల్ వాళ్ళ పని, తమకు ముందుగా తెలియదని బ్యాండు సభ్యులు తర్వాత చెప్పారు. ఆ ఒక్క సిలువ వల్ల వాళ్ళను సైతాను ఆరాధకులుగా అనుకున్నవాళ్ళున్నారు. తర్వాతి తరం బ్యాండులు ఆ బొమ్మనే వారసత్వంగా తీసుకున్నాయి. కంపెనీ పెట్టిన గుర్తును కుర్రాళ్ళు నిజంగా తమదిగా చేసుకున్నారు. అందుకే 'అంటగట్టారా, పుట్టిందా' అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకదు. అంటగట్టింది కూడా పదేళ్ళు ప్రేమిస్తే సొంతమవుతుంది.

1980 నుంచి ఐరన్ మెయిడెన్‌కు డెరెక్ రిగ్స్ గీసిన 'ఎడ్డీ' అనే అస్థిపంజరం లాంటి వింత మనిషి వచ్చాడు. బ్యాండు సభ్యుల ముఖాలు తెలియనివాళ్ళకు కూడా ఎడ్డీ తెలుసు. కవర్ మీద, పోస్టర్ మీద, టీషర్టు మీద, వేదిక మీద అదే బొమ్మ. ప్రకటనకు వేరే ఖర్చు అక్కర్లేకుండా అభిమాని ఛాతీ మీదే ప్రకటన తిరిగింది.

మెటల్ లోగోలు చదవడానికి రాకుండా ఎందుకుంటాయని చాలామంది నన్ను అడుగుతారు. బ్లాక్ మెటల్ (మెటల్‌లో మరీ కటువైన శాఖ) లోగోలు కొన్ని ఎండుకొమ్మల మోపులా ఉంటాయి, ఎక్కడ ఏ అక్షరముందో తెలియదు. ఇది చేతకానితనం కాదు. 1966 ప్రాంతంలో శాన్ ఫ్రాన్సిస్కోలో వెస్ విల్సన్ గీసిన రాక్ కచేరీ పోస్టర్లలో కూడా అక్షరాలు మంటల్లా కరిగి ఒకదాంట్లోకి ఒకటి పోతాయి. దూరం నుంచి చదవడం అసాధ్యం. ఆగి, దగ్గరికి వచ్చి, ఓపిగ్గా విప్పుకున్నవాడికే కచేరీ తేదీ దొరుకుతుంది. ఆ ఓపిక ఉన్నవాడే వాళ్ళకు కావలసిన శ్రోత. మెటల్ లోగో చేసే పని కూడా అదే. తెలియనివాళ్ళను బయట ఆపుతుంది, తెలిసినవాళ్ళకు తమవాళ్ళ మధ్య ఉన్నామన్న ఆనందం ఇస్తుంది. మామూలు ప్రకటన సూత్రం ప్రకారం ఇది తప్పు, అందరికీ చేరాలి కదా. కానీ కొన్ని జానర్లకు అందరికీ చేరకపోవడమే బలం.

నార్వే బ్లాక్ మెటల్ కవర్లలో నలుపు తెలుపు ఫోటోలు జిరాక్సు మీద జిరాక్సు తీసినట్టు ఉంటాయి. 1994 నాటి డార్క్‌త్రోన్ 'ట్రాన్సిల్వేనియన్ హంగర్' కవర్ దానికి మంచి నమూనా. ఆ రికార్డు ధ్వని కూడా అలాగే గరుకుగా, పలచగా ఉంటుంది. బొమ్మా ధ్వనీ ఇంత దగ్గరగా కలవడం నేను చాలా తక్కువచోట్ల చూశాను. దాదాపు ఇరవై ఏళ్ళకు, 2013లో, డెఫ్‌హెవెన్ అనే బ్యాండు 'సన్‌బేదర్' ఆల్బమ్‌ను గులాబీ రంగు కవర్‌తో తెచ్చింది. పుర్రె లేదు, అడవి లేదు, సన్నటి అక్షరాలు మాత్రమే. పాటల్లో బ్లాక్ మెటల్ అరుపులూ ఉన్నాయి, మెత్తటి గిటార్లూ ఉన్నాయి. ఆ కవర్ చూసి కోపం తెచ్చుకున్న పాత అభిమానులు చాలామంది, ఆ కవర్ చూసే మొదటిసారి ఇటువైపు తొంగిచూసినవాళ్ళూ చాలామంది. రంగు ఒక్కటి మారిస్తే శ్రోత మారిపోయాడు.

పంక్ కవర్ల గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే వాటి మీద ఎప్పుడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఇంగ్లండ్ పంక్ బ్యాండు సెక్స్ పిస్టల్స్ ఏకైక స్టూడియో ఆల్బమ్‌కు జేమీ రీడ్ చేసిన పసుపు, గులాబీ కవర్‌లో బొమ్మే లేదు, అక్షరాలే, ఆ పేరులో ఒక మోటు మాట. 1977లో నాటింగ్‌హామ్‌లో ఆ కవర్‌ను కిటికీలో పెట్టినందుకు ఒక రికార్డు దుకాణం మీద కేసు పెట్టారు. పెట్టిన చట్టం ఏదంటే 1889 నాటి అసభ్య ప్రకటనల చట్టం. కోర్టు కేసు కొట్టేసింది. నాకు ఆసక్తి కలిగించేది ఆ చట్టమే. కిటికీలో పెట్టిన కవర్‌ను చట్టం ప్రకటనగానే చూసింది.

బొమ్మ కళాకారుడికి ఉచ్చు అయిన సంఘటన కావాలంటే హిప్‌హాప్ బృందం డి లా సోల్. 1989లో వాళ్ళ మొదటి ఆల్బమ్‌కు గ్రే ఆర్గనైజేషన్ అనే బ్రిటిష్ కళాకారుల బృందం మెరిసే రంగుల్లో డెయిజీ పువ్వులతో కవర్ చేసింది. గొలుసులు, కోపపు చూపులు హిప్‌హాప్ గుర్తులుగా మారుతున్న రోజుల్లో అది ఎంతో తాజాగా ఉండేది. రికార్డు బాగా ఆడింది. పత్రికలూ ప్రచారమూ ఆ పువ్వులను పట్టుకుని ఆ ముగ్గురినీ హిప్పీలని పిలవడం మొదలుపెట్టాయి. వాళ్ళకు అది నచ్చలేదు. 1991లో రెండో ఆల్బమ్ పేరే డి లా సోల్ చచ్చిపోయిందని. కవర్ మీద పడిపోయి పగిలిన కుండీ, వాలిపోయిన డెయిజీలు. తమ మొదటి కవర్‌నే తాము చంపుకోవలసి వచ్చింది. ఒక బృందం తన ఇమేజ్‌ను ఇంత సూటిగా తిరస్కరించిన కవర్ ఇంకొకటి నాకు గుర్తు లేదు.

హిప్‌హాప్‌లోనే ఇంకో కొసన హ్యూస్టన్‌కు చెందిన పెన్ అండ్ పిక్సెల్ ఉంది. 1990ల్లో దక్షిణాది లేబుళ్ళకు, ముఖ్యంగా నో లిమిట్, క్యాష్ మనీలకు, ఫోటోషాప్‌లో వజ్రాలు పొదిగిన అక్షరాలు, కార్లు, భవనాలు, మంటలు అన్నీ ఒకే చదరంలో కూర్చేవాళ్ళు. డిజైన్ పాఠశాలల్లో చదివినవాళ్ళు దీన్ని చూసి ముఖం చిట్లించేవాళ్ళు. నేను ఒప్పుకోను. పెద్ద కంపెనీల అండ లేకుండా, సొంతంగా రికార్డులు అమ్ముకుని పైకొచ్చిన వాళ్ళ కల అది. ఆ కలను వినేవాళ్ళకు దాపరికం లేకుండా చూపించింది. అదే మంచి కవర్ చేసే పని.

ఇదే కాలంలో తల్లిదండ్రుల హెచ్చరిక ముద్ర వచ్చింది. 1985లో అమెరికాలో పాటల్లో అసభ్యత మీద జరిగిన గొడవ తర్వాత కంపెనీలు హెచ్చరిక పెట్టడానికి ఒప్పుకున్నాయి, 1990 నుంచి అందరికీ ఒకే నలుపు తెలుపు ముద్ర అయింది. వాల్‌మార్ట్ ఆ ముద్ర ఉన్న రికార్డులు అమ్మనంది. కానీ పదిహేనేళ్ళ కుర్రాడికి ఆ ముద్రే ఆహ్వానం. కొన్నాళ్ళకు అది లేని ర్యాప్ ఆల్బమ్ అసలుదేనా అని అనుమానించే స్థితి వచ్చింది. కొనొద్దని పెట్టిన గుర్తు జానర్ గుర్తుగా మారిపోయింది.

అన్ని ప్రకటనలూ ఇలా అతుక్కోవు. 1968లో కొలంబియా రికార్డ్స్ యువతరం పత్రికల్లో ఒక ప్రకటన వేసింది. జైలు గదిలో కొందరు కుర్రాళ్ళు, పైన అధికారం మా సంగీతాన్ని అరెస్టు చేయలేదన్న నినాదం. కింద అమ్ముతున్నది చార్లెస్ ఐవ్స్, వరేజ్ లాంటి వాళ్ళ ఆధునిక క్లాసికల్ రికార్డులు. తిరుగుబాటు బొమ్మను తెచ్చి దానికి సంబంధం లేని సరుకు మీద అతికించారు. ఆ ప్రకటన ఈ రోజు కంపెనీల అతి తెలివికి ఉదాహరణగా మాత్రమే గుర్తుంది.

ఇప్పటి సంగతి. స్ట్రీమింగ్ సంస్థలు 3000 పిక్సెళ్ళ చదరం అడుగుతాయి, జనం చూసేది ఫోనులో గోరంత బొమ్మ. కాబట్టి పెద్ద ముఖం, ఒకటి రెండు రంగులు, అక్షరాలు తక్కువ. అన్ని జానర్లూ ఒకేలా కనబడటానికి ఇదొక కారణం. అయినా ఈ కాలంలోనే పూర్తిగా ఒక బొమ్మ మీద నిలబడిన జానర్ వచ్చింది, లోఫై. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కిటికీ పక్కన చదువుకుంటున్న అమ్మాయి యానిమేషన్, దాని వెనక గంటల తరబడి ఆగని సంగీతం. 2018 నుంచి వాడుతున్న ఆ అమ్మాయిని గీసింది హువాన్ పాబ్లో మచాడో. ఆ పాటలు చేసినవాళ్ళ పేర్లు శ్రోతల్లో ఎంతమందికి తెలుసు? అక్కడ బొమ్మలో ఉన్నది కళాకారుడు కాదు, వింటూ పని చేసుకుంటున్న శ్రోత. ఇన్నేళ్ళూ కవర్లు పరోక్షంగా చేసిన పనిని ఇది నేరుగా చేసింది.

ఇక మీ ఈపీ. మీ జానర్‌లో మీరు నిజంగా వినే ఆల్బమ్‌ల కవర్లు ఓ ముప్ఫై, ఫోనులో కనిపించే సైజులో ఒకే తెర మీద పెట్టండి. పేర్లు మూసేసి చూస్తే మళ్ళీ మళ్ళీ వచ్చేవి నాలుగైదు గుర్తులు దొరుకుతాయి. వాటిలో ఒక్కటి ఉంచుకుని, ఒక్కటి బద్దలు కొట్టండి. అన్నీ ఉంచితే గుంపులో కలిసిపోతారు, అన్నీ వదిలేస్తే మీవాళ్ళు మిమ్మల్ని గుర్తుపట్టరు. రోలిన్స్ టోపీ పెట్టుకున్నా సాక్సోఫోన్ వదల్లేదు.

బొమ్మ కంటే అక్షరాలకే ఎక్కువ సమయం ఇవ్వండి. నేను ఒకసారి ఒక గాయని కోసం చేసిన పని చెప్తాను. ఫోటో ఒక్కటే: ఖాళీ మైదానం, దూరంగా ఆమె, పైన బూడిద రంగు ఆకాశం. సన్నటి అక్షరాలను దూరదూరంగా పేర్చితే యాంబియంట్ (మెల్లగా వెనక పరుచుకునే సంగీతం) రికార్డులా కనబడింది. పాత చెక్క అచ్చుల్లాంటి బొద్దు అక్షరాలు పెడితే కంట్రీ అయింది. చేత్తో గీకినట్టు తెల్లటి అక్షరాలు వేస్తే మెటల్. ఫోటోలో ఒక్క చుక్క మారలేదు. ఆమెకు మూడూ చూపించి, మీ పాట వినడానికి ఎవరు రావాలనుకుంటున్నారని అడిగాను. అక్కడి నుంచి పని తేలికైంది. మీ బ్యాండులో అందరూ కూర్చుని ఆ ప్రశ్నకు జవాబు రాసుకోండి. జవాబులు నలుగురివీ నాలుగు రకాలుగా వస్తే కవర్ పని ఇంకా మొదలుపెట్టవద్దు.

మీ సంగీతానికి నేనైతే నలుపు ఉంచుతాను, లోగో మాత్రం చదవగలిగేలా చేస్తాను. బరువుందని నలుపు చెబుతుంది, అందరూ రావచ్చని అక్షరం చెబుతుంది. పుర్రె పెట్టి లోపల నెమ్మది పాటలు వినిపిస్తే పుర్రె కోసం వచ్చినవాడు రెండో పాటలో వెళ్ళిపోతాడు. నెమ్మది పాటలు ఇష్టపడేవాడు పుర్రె చూసి అసలు రాడు. కచేరీ పోస్టరు, వీడియో థంబ్‌నెయిల్, టీషర్టు అన్నిటికీ ఆ అక్షరాలే, ఆ రంగులే వాడండి. కవర్ ఒకటి చెప్పి పోస్టరు ఇంకొకటి చెబితే మొదటి ఈపీతో మిమ్మల్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

లేబుల్‌తో మాటలు నడుస్తున్నాయన్నారు కాబట్టి ఇది మాత్రం మర్చిపోవద్దు. ఒప్పందంలో కవర్‌కు మీ ఆమోదం కావాలన్న షరతు సాధారణంగా అడుగుతారు, చాలామంది అక్కడే ఆగిపోతారు. లోపలి పేజీలు, పోస్టర్లు, సోషల్ మీడియా ప్రకటనలు, మీ గురించి వాడే వర్ణనలు, వీటికి కూడా ముందుగా మీకు చూపించాలని, మీ రాతపూర్వక ఒప్పుదల కావాలని పేరు పేరునా రాయించుకోండి. ముందుగా చూపించకపోతే ఏమవుతుందో సబత్ అట్ట విప్పితే కనబడిన సిలువ చెబుతుంది. ఒప్పందం ముసాయిదాలో ఆ పేరా ఎలా ఉందో ఇక్కడ పెడితే (లేబుల్ పేరు తీసేసి పెట్టండి) చూసి చెప్తాను.